బెజ్జాలు మూసిన పళ్ళెం

ఎడిటరుగారూ, మీ పత్రికలో వృత్తి అనుభవాల శీర్షికకు నేను రాసి పంపడం ఇది మొదటిసారి కాదు. మొదట పంపినప్పుడు మీ దగ్గర నుంచి ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ పంపితే ‘కుమ్మరి వృత్తి గురించి పండగ సంచికలో చూస్తాం’ అని ఒక కార్డు వచ్చింది. ఆ పండగ వచ్చింది, పోయింది. తర్వాత పంపినదానికి కార్డు కూడా లేదు. ఈలోపల మీరు కంపౌండరు అనుభవాలు వేశారు, కరెంటు లైన్‌మన్ అనుభవాలు వేశారు, లారీల మీద బొమ్మలు గీసే ఆయన అనుభవాలైతే రెండు వారాలు వేశారు. వాళ్ళ మీద నాకేమీ కోపం లేదు. మట్టి పిసికేవాడికి కూడా చెప్పుకోవలసిన కేసు ఒకటి ఉంటుందని మీకు తోచనందుకు ఉంది. అందుకే మళ్ళీ రాస్తున్నాను. వేసేదాకా రాస్తాను.

1993 వేసవి. ఆత్మకూరులో నెల్లూరు రోడ్డు పక్కన మా చక్రం, మా ఆవం. ఆవమంటే కుండలు కాల్చే బట్టీ. మా నాయన రోజుల్లో నీళ్ళ కడవలు, బియ్యం బానలు చేసేవాళ్ళం. ప్లాస్టిక్ బిందెలు వచ్చాక కడవల గిరాకీ పడిపోయి నేను పూలకుండీలకు మళ్ళాను. ఆ ఎండలో ఉదయగిరి బస్సు దిగి ఒక పెద్దావిడ నేరుగా మా పాకలోకి వచ్చారు. తెల్లచీర, చేతిలో గుడ్డసంచి. సుగుణమ్మగారు. ఉదయగిరిలో మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆ పక్క ఊళ్ళలో అందరూ సిస్టరమ్మ అనే అంటారు, నేనూ అట్లాగే అన్నాను చివరిదాకా.

సంచిలోంచి తువ్వాలుగుడ్డ తీసి, దాంట్లోంచి ఒక పళ్ళెం తీశారు. కోలగా, లోతు తక్కువగా, ముదురు గోధుమరంగులో ఉంది. పైన నిగారింపు పూత లేదు. చేత్తో తాకితే బాగా అరిగిన గడప తాకినట్టు నున్నగా ఉంది. కింద నాలుగు చిన్న కాళ్ళు.

“పెంచలయ్యంటే నువ్వేనా?”

“నేనేనమ్మా. కుండీలు గావాల్నా?”

“కుండీలు గాదు. ఇట్టాంటిది చెయ్యగలవా అని వచ్చినాను.”

తిరగేసి చూశాను. అడుగున వేలు పట్టేంత బెజ్జాలు రెండు, సూది దూరేంత చిన్నవి కొన్ని. నేను నవ్వాను.

“ఏందమ్మా ఇది! బెజ్జాలు పడిన పళ్ళేన్ని ఇంత జాగర్తగా బస్సులో మోసుకొచ్చినారే. నీళ్ళు నిలవవు దీంట్లో.”

“నిలవకూడదయ్యా. నిలిస్తే చెట్టు చస్తాది.”

“పళ్ళెంలో చెట్టా?”

“ఉదయగిరికి రా, చూపిస్తాను. ముందు నువ్వు చెయ్యగలవో లేదో చెప్పు.”

చెయ్యలేనని చెప్పే అలవాటు మా ఇంట్లో లేదు.

చదివేవాళ్ళ కోసం రెండు మాటలు. బోన్సాయ్ అంటే జపాన్ వాళ్ళ పద్ధతిలో పెద్ద చెట్టును, ఆ పెద్దతనం పోకుండా, పళ్ళెంలో పెంచడం. మొక్కను కుండీలో పెట్టడం వేరు, ఇది వేరు. కొమ్మలకు తీగ చుట్టి వంచుతారు, దాన్ని వైరింగ్ అంటారు. కొన్నేళ్ళకోసారి చెట్టును పైకి తీసి, వేర్లు కత్తిరించి, కొత్త మట్టిలో పెడతారు, అది రీపాటింగ్. పళ్ళెం అడుగున బెజ్జాలను డ్రైనేజ్ హోల్స్ అంటారు. పోసిన నీళ్ళు వేర్లను తడిపి వాటిలోంచి దిగిపోవాలి. చిన్న బెజ్జాల్లోంచి తీగ పోనిచ్చి చెట్టును కదలకుండా కడతారు. ఇదంతా సిస్టరమ్మకు నేర్పింది ఆ ఆసుపత్రిలో పనిచేసిన ఒక విదేశీ డాక్టరమ్మ. అంతకుముందు ఆమె కొన్నేళ్ళు జపాన్‌లో ఉన్నారట. తిరిగి వాళ్ళ దేశం పోతూ ఆ గోధుమరంగు పళ్ళేన్ని సిస్టరమ్మ చేతికిచ్చి పోయారు.

ఆ పళ్ళెం అడుగున బెజ్జాల పక్కన చిన్న చదరపు ముద్ర ఒకటి ఉంది, ఏవో గీతలతో. ఏమిటని అడిగాను.

“చేసినాయన పేరు. ఆ దేశంలో చెట్టును సేకరించే వాళ్ళు పళ్ళేన్ని గూడా సేకరిస్తారు. తిరగేసి చేసినోడి ముద్ర చూస్తారు. మంచి పళ్ళెం దొరికితే దానికి తగిన చెట్టు కోసం ఏండ్ల తరబడి కాసుకోనుంటారంట.”

“కుండ చేసినోడి పేరా?”

“ఆ. ఏం, నువ్వు మనిషివి గాదా? నువ్వు గూడా ఎయ్యి.”

మా తాతలు కొన్ని వేల కుండలు చేసి ఉంటారు. ఒక్కదాని మీద పేరు లేదు. ఆ రాత్రి అన్నం సయించలేదు నాకు.

చేయడం అనుకున్నంత తేలిక కాలేదు. అడుగు బల్లపరుపుగా ఉన్న పళ్ళెం చక్రం మీద కుదరదు. మట్టిని రొట్టెలా పరిచి, పలకలుగా కోసి, అంచులు గీకి బురదతో అతికించాలి. స్లాబ్ పని అంటారు దీన్ని. నేను మొదట చేసినవన్నీ ఆరేటప్పుడే అప్పడాల్లా మూలలు లేచాయి. సిస్టరమ్మ వచ్చి చూసి ఒకదాన్ని నేల మీద పెట్టి వేలితో నొక్కారు, అది ఊయలలా ఊగింది. “బిడ్డల్ని పడుకోబెట్టొచ్చు” అన్నారు. నాకు మండింది. పాత పెంకులు దంచి ఆ పొడి మట్టిలో కలిపాను. ఇసుక పరిచి దాని మీద నీడలో, పైన తడిగోతాం కప్పి, రోజూ తిప్పుతూ ఆరబెట్టాను. చివరకు ఒకటి బల్ల మీద పెడితే బల్లకు అతుక్కున్నట్టు కూర్చుంది. అప్పుడు ఆమె సంచిలోంచి కొయ్య ముద్ర ఒకటి తీసి నా చేతిలో పెట్టారు. ఉదయగిరిలో కొయ్య గరిటెలు, చెంచాలు చెక్కేవాళ్ళున్నారు కదా, వాళ్ళ చేత చేయించారట. దాని మీద ‘పెం’ అన్న అక్షరం. అప్పటినుంచి నా పళ్ళెం ప్రతిదానికీ అడుగున ఆ ముద్ర ఉంది.

తర్వాత ఉదయగిరి పోయి ఆమె మిద్దె మీద చెట్లు చూశాను. కొండగాలి తగిలే మిద్దె. సగానికి తాటాకు పందిరి. వెలగ, జువ్వి, కాగితంపూల చెట్టు, ఇంకా ఏవేవో. కత్తెరలు, వంకర పట్టకార్లు అన్నీ ఆసుపత్రివే, పాతబడి పారేసినవి. తీగ మోటార్ వైండింగ్ షాపులో తీసేసిన రాగితీగ. మట్టికి పెన్న ఇసుక, జల్లించిన ఇటుకముక్కలు, మాగిన పెంట. వేసవిలో నీళ్ళట్యాంకరు కోసం ఊరంతా బిందెలతో వరసలో నిలబడే చోట, ఆమె తన స్నానం నీళ్ళు తగ్గించుకుని ఆ చెట్లకు పోసేవారు.

అన్నిటికీ నడుమ చింతచెట్టు. ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆసుపత్రి వెనక బట్టలుతికే బండ పగుల్లో మొలిస్తే, పీకి పారెయ్యబోతున్న ఆయమ్మను ఆపి తీసుకున్నారట. నా మోచెయ్యంత ఎత్తు లేదు. కానీ మొదలు లావుగా, బెరడు పగిలి, వేర్లు నాలుగు పక్కలా నేలను పట్టుకుని, ఊరి బయట పొలంగట్టు మీద నిలబడ్డ చెట్టును దూరం నుంచి చూస్తున్నట్టుంది. పొద్దు గూకే వేళకు దాని ఆకులన్నీ ముడుచుకోవడం మొదలైంది. నేనేదో అడగబోతే సిస్టరమ్మ పెదాల మీద వేలు పెట్టారు.

“నిద్రపోతా ఉండాది. గట్టిగా మాట్లాడొద్దు.”

నేను నిజంగానే గొంతు తగ్గించాను. ఆమె పకపకా నవ్వారు.

చెట్టును ఎట్లా చూడాలో కూడా ఆమే నేర్పారు. నిలబడి పైనుంచి చూడకూడదు. దాని మొదలు మన కంటికి సూటిగా వచ్చేలా కూర్చోవాలి. ముందు వేర్లు, తర్వాత మాను, తర్వాత కొమ్మలు. పళ్ళెం ఆఖర్న.

“ఆఖర్నా?” అన్నాను.

“ముందే పళ్ళెం కనబడిందంటే నువ్వు చెడగొట్టినట్టు. చెట్టును జూసి పళ్ళేన్ని మర్చిపోయినారంటే నువ్వు గెలిచినట్టు.”

“నా ముద్ర ఎవురు జూస్తారు అట్టయితే?”

“తిరగేసినోళ్ళు జూస్తారులే, అలగబాక.”

నాకు నమూనాగా చూపించడం అయ్యాక, ఆ చింతచెట్టును సిస్టరమ్మ డాక్టరమ్మ ఇచ్చిన జపాన్ పళ్ళెంలోకే మార్చారు. 1996 చివర్లో సిస్టరమ్మ నా దగ్గరికి వచ్చి, దానికి కొత్త పళ్ళెం కావాలన్నారు. మాను ముదిరింది, కోల పళ్ళెం ఇక దానికి ఆడపిల్ల గాజుల్లా ఉందట. నలుచదరంగా, బరువుగా, నల్లగా ఉండాలి. లోతు మాను లావంతే, అంతకు మించొద్దు అని పుల్ల కొలిచి ఇచ్చారు. నేను చాలా చేశాను. ఆవం మూసి తడి గడ్డితో పొగబెట్టి నలుపు తెచ్చాను. వాటిలో ఒక్కటి కుదిరింది. నా చేత్తో నేను చేసినవాటిలో అంత మంచిది ముందూ లేదు, తర్వాతా లేదు.

జనవరిలో ఆత్మకూరులో తోట ప్రియుల సంఘం వాళ్ళు పూల ప్రదర్శన పెడుతున్నారు. దానికి చెట్టును కొత్త పళ్ళెంలో తేవాలని ఆమెకు ఆశ. చింతకు రీపాటింగ్ చలికాలంలో చెయ్యరు, కొత్త చిగురుకు ముందు చేస్తారు. అది ఆమెకు తెలుసు. తెలిసే చేశారు. నా పళ్ళెం లోతు పాతదానికన్నా తక్కువ కాబట్టి ఎప్పుడూ కొయ్యనన్ని వేర్లు కొయ్యవలసి వచ్చింది. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను.

“శానా కోసినాను పెంచలయ్యా” అన్నారు కత్తెర కింద పెట్టి. “కడుపు కోసినంత పనైంది.”

“ఉంటాదిలేమ్మా.”

“ఉంటాది. జాగర్తగా నీళ్ళు జూసుకుంటే ఉంటాది.”

ప్రదర్శన రోజుకు చెట్టు ఆకుపచ్చగా, నిండుగా ఉంది. జనం డేలియాలను వదిలి దాని ముందు గుమిగూడారు. ఒకాయన పిల్లవాణ్ణి ఎత్తి చూపిస్తూ “అదిగో, చింతకాయలు గూడా కాస్తాదంట” అంటున్నాడు. మొదటి బహుమతి దానికే వచ్చింది. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్ద అధికారి దాని దగ్గర చాలాసేపు నిలబడ్డారు. సంఘం కార్యదర్శి మధుసూదనరావుగారు, బ్యాంకులో చేసి రిటైరైన ఆయన, అది గమనించారు. ఆ అధికారి కుటుంబంతో ఊళ్ళోని ప్రభుత్వ అతిథి గృహంలో కొన్నాళ్ళు ఉండబోతున్నారు. చెట్టును ఆ హాల్లో పెడితే బాగుంటుందని కార్యదర్శిగారు సిస్టరమ్మను అడిగారు.

ఆమె మరునాడే కంటి ఆపరేషనుకు వేలూరు పోవాలి. చెట్టును నా దగ్గర వదిలి పోవాలన్నది అంతకుముందు అనుకున్న మాట. ఆమె నా వైపు చూశారు. నేను తల అడ్డంగా ఊపాను.

“సిస్టరమ్మా, మా ఇంట్లో బిడ్డను చూసుకున్నట్టు చూసుకుంటాం. కుండల పాకలో ఉండేదానికన్నా ఆడ మర్యాదగా ఉంటాది గదా” అన్నారు కార్యదర్శిగారు.

కుండల పాక. ఆ మాట నేను మరిచిపోలేదు.

సిస్టరమ్మకు ఎవరినీ కాదనడం చేతకాదు. “కిటికీ దగ్గిర పెట్టండి. పొద్దున ఒకసారి నీళ్ళు, కిందనుంచి కారిందాకా పొయ్యండి. అంతే. మళ్ళీ పొయ్యబాకండి” అని ఆయనకు రెండుసార్లు చెప్పి వేలూరు బస్సెక్కారు.

కొన్నాళ్ళాగి నేను అతిథి గృహానికి పోయాను. కాపలాదారు మస్తాన్ గేటు దగ్గరే ఆపాడు. నాకు తెలిసినవాడే, అనంతసాగరం మనిషి.

“లోపల అమ్మగారోళ్ళుండారన్నా. ఇప్పుడొద్దు.”

“చెట్టు చూసి పోతా, అంతే.”

“చెట్టుకేం, దివాణంలో ఉండాది. నాకన్నా దానికే మర్యాద ఎక్కువ.”

ప్రహరీ చుట్టూ తిరిగి కిటికీలోంచి చూశాను. సోఫా వెనకభాగం అడ్డం. చెట్టు పైసగమే కనబడింది. మిట్టమధ్యాహ్నం ఆకులు ముడుచుకుని ఉన్నాయి. చింత పగలు నిద్రపోదు.

నేరుగా కార్యదర్శిగారి ఇంటికి పోయాను. ఆయన వరండాలో పేపరు చదువుతున్నారు. కూర్చోమనలేదు.

“అయ్యా, చెట్టు బాలేదు. నాకీండి, పాకలో పెట్టుకుంటా.”

“నీకు చెట్ల సంగతి గూడా తెలుసా పెంచలయ్యా?”

“చెట్టు సంగతి తెలీకపోయినా బాలేదని తెలస్తా ఉండాది.”

“నీ కుండ సంగతి నువ్వు చూసుకో. నీ కుండ కారి ఆ టేకు బల్లంతా మరకలైందంట, దాని సంగతి ముందు చెప్పు.”

“కారేదానికే గదయ్యా బెజ్జాలు పెట్టింది! కింద తట్ట పెట్టుకోమనండి.”

“సరే సరే, చూస్తాంలే” అని పేపరు పైకెత్తారు.

ఆ తర్వాత కూడా పోయాను. లోపలికి పోనివ్వలేదు. అధికారి కుటుంబం వెళ్ళిపోయాక ఒక రిక్షాలో చెట్టును నా పాకకు పంపారు, వెంట ఒక మనిషి కూడా రాలేదు. ఒక్క ఆకు లేదు. రిక్షా అతను దాన్ని దించి “ఎండుకట్టె యాడ పెట్టేదన్నా?” అని అడిగాడు.

సిస్టరమ్మ వేలూరు నుంచి ఒక కంటికి కట్టుతో దిగారు. వంగకూడదని డాక్టర్లు చెప్పారట. నర్సుగా ఎంతమందికి ఆ మాట చెప్పి ఉంటారో. వచ్చీ రాగానే చెట్టు ముందు నేల మీద కూర్చుని వంగారు. నేను వద్దంటున్నా వినలేదు.

గోటితో ఒక కొమ్మ చివర బెరడు గీకారు. లోపల పచ్చగా ఉంటే ప్రాణమున్నట్టు, గోధుమరంగైతే పోయినట్టు. గోధుమరంగు. కొంచెం కిందకు గీకారు. అదే. ఇంకో కొమ్మ. అదే. మిగిలిన ఒక కంటితో, ముఖం బెరడుకు ఆనించి, కొమ్మ కొమ్మా కిందికి దిగుతూ వచ్చారు. నాడి దొరకని మనిషికి మణికట్టు నుంచి మోచేతికి, మోచేతి నుంచి మెడకు వెతుక్కుంటూ పోయినట్టు. మాను మొదట్లో, వేర్లు విడిపోయే చోటుకు కాస్త పైన ఆగారు.

“పెంచలయ్యా, నువ్వు జూడు. నాకు సరిగా ఆనడంలేదు. పచ్చగా ఉండాదా?”

దారమంత పచ్చదనం. ఉంది.

“ఉండాదమ్మా.”

“అయితే లెయ్. నీళ్ళు దెచ్చుకో.”

చెట్టును పళ్ళెంలోంచి ఎత్తాం. మురుగువాసన కొట్టింది. మట్టి మట్టిలా లేదు, అంబలిలా ఉంది. పళ్ళెం తిరగేశాను. అడుగున బెజ్జాలు లేవు.

ఒక క్షణం నా పళ్ళెం కాదేమో అనుకున్నాను. తర్వాత చూస్తే తెల్లసిమెంటు. పెద్ద బెజ్జాలు రెండూ, తీగలు పోయే చిన్నవీ అన్నీ పూడ్చి, పైన నున్నగా వేలితో మెత్తారు. మంచి చెయ్యి. నా ముద్ర మీద కూడా మెత్తారు. చేసినవాడి మీద కోపం రావడానికి ముందు నాకొకటి అర్థమైంది. మా వైపు కుండ కారితే ఎవరైనా చేసేది ఇదే. మా అమ్మ కారే కడవలకు లక్క కరిగించి పోసేది. నీళ్ళు కారిపోతుంటే చూస్తూ ఊరుకునే చెయ్యి మా మెట్టప్రాంతంలో లేదు. ఎవరో పాపం పళ్ళెం బాగుచేశాననుకున్నారు.

సిస్టరమ్మ తలలోంచి పిన్ను తీసి సిమెంటును కాసేపు గీకారు. కుళ్ళిన వేర్లన్నీ కత్తిరించి, కడిగి, మిగిలిన మొద్దును పొడి ఇసుకలో నిలబెట్టి, తడిగోతాం చుట్టారు. ఆపరేషనైన మనిషి పక్కన కూర్చున్నట్టు నా పాకలోనే దాని పక్కన పొద్దుగూకేదాకా కూర్చున్నారు. కోసిన వేర్లను ఆమె పారెయ్యలేదు. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చివరలు చూశారు.

“కోసిన చోటనే మొదలైంది కుళ్ళు” అన్నారు.

“నీళ్ళు నిలిస్తే కుళ్ళదా అమ్మా?”

“నీళ్ళు నిలిచినా ఆడే మొదలవతాది. నేను ఎక్కువ కోసినా ఆడే మొదలవతాది. రెండూ ఒకటే మాదిరుంటాయి.” పళ్ళెం అడుగున సిమెంటు మీద వేలు పెట్టి అడిగారు. “ఇది ఎప్పుడు మూసినారో? తీసుకుపోయిన కొత్తల్లోనే మూసినారంటే నీళ్ళు చంపినాయి. ఆకులు రాలినాక మూసినారంటే మాత్రం…”

ఆకులు రాలాక మూసి ఉంటే ఆ చెట్టును చంపింది ఆమె కత్తెర. ఆ కత్తెర అంత లోతుకు పోయింది నా పళ్ళెం కోసం.

“ఎవురని అడగొద్దు. ఎప్పుడో కనుక్కో చాలు” అన్నారు.

మొద్దును ఉదయగిరి తీసుకుపోయారు. మార్చిలో బస్సు కండక్టరు చేత కబురు చేశారు, చిగురు పడిందని. నేను ఆవం వదిలేసి పోయాను. మాను పక్కన, అగ్గిపుల్ల తలకాయంత, ఎర్రగా. మేమిద్దరం దాని ముందు కూర్చుని టీ తాగాం. ఆమె ఆ రోజు చాలా మాట్లాడారు, ఆసుపత్రి కబుర్లు, డాక్టరమ్మ తెలుగు మాట్లాడితే రోగులు ఎట్లా నవ్వేవాళ్ళో. సాయంత్రమయ్యాక ఆ చిగురులో అప్పుడే విడిన రెండు ఆకులూ ముడుచుకున్నాయి. “చూసినావా, అలవాటు మర్చిపోలా” అన్నారు.

వేర్లు లేని చిగురు మాను లోపలి తడి తాగి బతుకుతుంది. ఆ తడి ఉన్నంతకాలమే. మే నెల వడగాలికి అది నల్లబడింది. నేను పోయేసరికి ఆమె మళ్ళీ గోటితో గీకి చూస్తున్నారు, నేల దాకా. తర్వాత చేతులు కడుక్కుని, వార్డులో చెప్పినట్టు చెప్పారు.

“పోయింది నాయనా.”

మిగతా చెట్లన్నీ ఆమె ఒక్కొక్కటే ఇచ్చేశారు. కొన్ని సీతారామపురంలో ఒక టీచరమ్మకు, కొన్ని చర్చి ఆవరణలో నేలలోకి. మళ్ళీ కత్తెర ముట్టుకోలేదు. “నా చెయ్యి మీద నాకు నమ్మకం పోయింది” అన్నారు.

ఇక నేను అడగడం మొదలుపెట్టాను. మస్తాన్‌ను అడిగాను.

“సిమెంటు నేనే దెచ్చినానన్నా, అబద్ధం జెప్పను. పుయ్యమంటే నాకు రాదన్నాను. పూసినాయన వేరే.”

“ఎవురు? ఎప్పుడు?”

“బిడ్డలు గలోణ్ణి. ఉద్యోగం పోగొట్టబాక. నన్ను ఇడిసిపెట్టు.”

“పేరొద్దు. రోజు జెప్పు.”

“రోజు జెప్తే పేరు జెప్పినట్టే గదన్నా. ఆ రోజు ఆడికొచ్చింది ఒకాయనే.”

ఆ తర్వాత వాణ్ణి అడగలేదు. బదిలీ చేయించుకుని పోయాడు.

సంఘం సాంవత్సరిక సమావేశంలో కార్యదర్శిగారు మైకులో చెప్పారు, కిందటేడు బహుమతి పొందిన చెట్టు ‘స్థానికంగా చేసిన కుండలో లోపం వల్ల’ పోయిందని, ఇకనుంచి మద్రాసు కుండలు తెప్పిస్తామని. నేను పళ్ళెం పట్టుకుని లేచాను, అది నా సంచిలోనే ఉంది. తిరగేసి చూపించాను. ముందు వరసలో ఒకాయన, “నువ్వే మూసుకొచ్చినావేమోలే” అన్నాడు. అందరూ నవ్వారు. ఇద్దరు వచ్చి నా భుజాల మీద చేతులు వేసి బయటి దాకా సాగనంపారు. మరునాడు ఒక మనిషి నా పాకకు వచ్చి, సంఘం తరఫున అని ఒక క్రోటన్ మొక్క పెట్టి పోయాడు. సిస్టరమ్మకు బదులు మొక్కట. దాన్ని నేను ఉదయగిరికి తీసుకుపోలేదు. వాళ్ళ గేటు ముందే పెట్టి వచ్చాను.

ఆ కేసు నాకు నేర్పింది పనికి సంబంధించినదే. ఇప్పుడు నేను చేసే పళ్ళేలకు బెజ్జాలు పెద్దవి పెడతాను, జపాన్ కొలతకన్నా పెద్దవి, చూడ్డానికి కాస్త మొరటుగా ఉన్నా సరే. కొనేవాళ్ళ వేలు పట్టుకుని వాటిలో పెట్టించి, ఇవి ఎందుకో చెప్పిస్తాను. విసుక్కుంటారు. విసుక్కోనిస్తాను. ఒకరి చెట్టు నా పళ్ళెంలో ఉన్నంతకాలం అది ఎక్కడుందో, ఎవరు నీళ్ళు పోస్తున్నారో కనుక్కుంటూనే ఉంటాను. ఇంకో సంగతి కూడా నేర్చుకున్నాను. చెడు చేసిన మనిషి కన్నా మంచి అనుకుని చేసిన మనిషి చేత నిజం చెప్పించడం కష్టం.

సిస్టరమ్మ ఉదయగిరిలోనే ఉన్నారు. రెండో కన్ను కూడా మసకబారింది. నేను పోయినప్పుడల్లా మిద్దె మెట్ల మీద కూర్చుని ఉంటారు. ముందు మంచినీళ్ళు ఇస్తారు, తర్వాత అడుగుతారు, “ఏమన్నా తెలిసిందా?” అని. లేదంటాను. “పోనీలే” అంటారు. ఆ పోనీలే విన్నాక బస్సెక్కి ఇల్లు చేరడం నాకు ప్రతిసారీ కష్టంగానే ఉంటుంది.

అయ్యా, ఆ పళ్ళేనికి తెల్లసిమెంటు పూసిన ఆయనా, మీరు ఎవరో ఆ సంఘంలో వాళ్ళకు తెలుసు. ఈ పత్రిక మీ ఇంటికి వస్తుందని కూడా నాకు తెలుసు. మీ మీద కేసు పెట్టను. మీ పేరు ఎవరికీ చెప్పను. నా ముద్ర మీద మెత్తినందుకు కూడా క్షమాపణ చెప్పమనను. చెట్టు మీద ఆకులుండగా మూశారా, రాలిపోయాక మూశారా? ఆకులుండగా మూశారంటే ఉదయగిరిలో ఒక ముసలామె తన చేతుల్ని తాను మళ్ళీ నమ్ముతుంది. రాలాక మూశారంటే అది కూడా ఆమె తట్టుకుంటుంది, ముప్పయ్యేళ్ళు ఎంతమందికో అలాంటి మాట చెప్పిన మనిషి. ఏ మాటా రాకపోవడాన్ని మాత్రం తట్టుకోలేకపోతున్నారు. నాకు చెప్పనక్కర్లేదు. బస్సెక్కండి, ఉదయగిరిలో సిస్టరమ్మ ఇల్లంటే ఎవరైనా చూపిస్తారు. ఆమెకు కళ్ళు ఆనవు కాబట్టి మీ ముఖం కూడా గుర్తుపట్టరు. ఎదురుగా కూర్చుని చెప్పండి. ఎప్పుడు మూశారు?